బొమ్మ ఎక్కడ ఆగింది? ఒక క్యాప్చర్ బాక్సు మరమ్మతు డైరీ

మా మేనల్లుడు ప్లేస్టేషన్ 4లో ఆడే క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలను తెలుగు వ్యాఖ్యానంతో రికార్డు చేయాలి. పని ఇంతే. ఇల్లు నెల్లూరులో, వేదాయపాళెం వైపు. ప్లేస్టేషన్‌కూ టీవీకీ మధ్య పెట్టి ఆటను ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసే క్యాప్చర్ బాక్సు పాతది. కృష్ణపట్నం దగ్గర ఉద్యోగం చేసి ఊరు మారుతున్న ఒకతని దగ్గర వాడు చవకగా కొన్నాడు. వెనక హెచ్‌డీఎంఐ ఇన్, హెచ్‌డీఎంఐ అవుట్, పాత అనలాగ్ పద్ధతి కాంపొనెంట్ కేబుల్‌కు ఒక గుండ్రటి సాకెట్, ల్యాప్‌టాప్‌కు మినీ యూఎస్‌బీ ఉన్నాయి. కొన్న రోజు నుంచి ఒకటే ఫిర్యాదు: "మామయ్యా, బొమ్మ రావడం లేదు."

శుక్రవారం రాత్రి

"బొమ్మ రావడం లేదు" అనే మాటతో ఏ మరమ్మతూ మొదలుపెట్టలేం. ఏ తెర మీద రావడం లేదు? ఎలా రావడం లేదు? టీవీ తనంతట తాను "నో సిగ్నల్" అని రాసి చూపిస్తే, కేబుల్‌లో ఏమీ రావడం లేదని అర్థం. ఒక మూల 1920x1080, 60 హెర్ట్జ్ అని రెండు క్షణాలు చూపించి ఆ తర్వాత నల్లగా మిగిలితే, సిగ్నల్ వస్తోంది కానీ అందులోని బొమ్మను ఎవరో ఆపుతున్నారు. ల్యాప్‌టాప్ తెర మాత్రమే నల్లగా ఉంటే అది మూడో సంగతి. ఈ మూడింటినీ కలిపి ఒకే జబ్బు అనుకుని కేబుళ్లు మార్చుకుంటూ పోతే తెల్లవారుతుంది తప్ప పని కాదు.

అందుకే ముందు బాక్సును తప్పించి ప్లేస్టేషన్‌ను నేరుగా టీవీకి కలిపాం. బొమ్మ శుభ్రంగా ఉంది. కాబట్టి ప్లేస్టేషన్ పోర్టు, టీవీ పోర్టు, ఆ ఒక్క కేబుల్ బాగున్నట్టే. కేబుల్‌కు పసుపు ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టాను. ఇకపై ఏ పరీక్షకైనా ముందు ఇదే వాడాలి.

తర్వాత బాక్సును మధ్యలో పెట్టాం. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు టీవీలో నో సిగ్నల్. ల్యాప్‌టాప్ వేయగానే బాక్సు మీది దీపం వెలిగింది, కాసేపటికి టీవీలో బొమ్మ వచ్చింది. ఇది లోపం కాదు. ఈ రకం బాక్సుకు కరెంటు యూఎస్‌బీ నుంచే అందుతుంది. అది లేకపోతే టీవీకి బొమ్మను దాటించే భాగం కూడా పనిచేయదు. రికార్డింగ్ లేని రోజుల్లో కేవలం ఆడుకోవడానికైనా బాక్సుకు 5 వోల్టులు ఇవ్వాలి. మామూలు ఫోను చార్జర్‌తో చూశాను, ఆ పనికి సరిపోయింది.

టీవీలో బొమ్మ ఉంది, ల్యాప్‌టాప్‌లో లేదు. ఇక్కడితో ఈ రాత్రికి ఆపాం.

శనివారం ఉదయం

ల్యాప్‌టాప్ వైపు నలుపుకు మొదట అనుమానించవలసింది హెచ్‌డీసీపీని. ఇంటెల్ తయారుచేసిన కాపీ రక్షణ పద్ధతి ఇది. బొమ్మ పంపే యంత్రం, అందుకునే యంత్రం ముందుగా తాళపుచెవులు సరిచూసుకుంటాయి. ఆ తర్వాత బొమ్మ గుప్త రూపంలోనే కేబుల్‌లో ప్రయాణిస్తుంది. టీవీ దగ్గర తాళపుచెవి ఉంటుంది కాబట్టి అక్కడ కనిపిస్తుంది. రికార్డు చేసే యంత్రానికి ఆ బొమ్మను బయటపెట్టే హక్కు లేదు, అందుకని నల్ల తెర చూపిస్తుంది. కొన్ని బాక్సుల సాఫ్ట్‌వేర్ ఈ సంగతి అక్షరాలతో చెబుతుంది. మాది మౌనంగా నల్లబడుతుంది.

ప్లేస్టేషన్ 4లో దీన్ని ఆపవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఎనేబుల్ హెచ్‌డీసీపీ అనే గడిలోని టిక్కు తీసేయాలి. ప్లేస్టేషన్ 5లో అయితే సిస్టమ్ లోపల హెచ్‌డీఎంఐ అనే పేజీలో ఉంటుంది. టిక్కు తీశాం, తెర ఒకసారి ఆరి వెలిగింది, ల్యాప్‌టాప్‌లో మెనూ కనిపించింది. వాడు గంతేశాడు.

మధ్యాహ్నం అక్క రిమోట్ పట్టుకుని వచ్చింది. "ఒరేయ్, పొద్దుటి దాకా వచ్చిన సినిమాల యాప్ ఇప్పుడు ఏదో ఇంగ్లీషులో అడుగుతోంది. ఏం చేశారు మీరిద్దరూ?" అడుగుతున్నది హెచ్‌డీసీపీని మళ్లీ ఆన్ చేయమనే. సినిమాల యాప్‌లు అది లేకుండా బొమ్మ చూపించవు. ఆటలకు దాని అవసరం లేదు. ఒకే యంత్రం మీద ఇంట్లో ఇద్దరి కాపురం కాబట్టి ఎవరి పని అయ్యాక వారు టిక్కు పెట్టడమో తీయడమో చేయాలని ఒప్పందం. అది సాయంత్రం వరకూ కూడా నిలవలేదు. అక్క యాప్‌లను టీవీలోనే పెట్టి ఇచ్చాను.

శనివారం రాత్రి

ఇల్లు నిద్రపోయాక అసలు రోగం బయటపడింది. మెనూ వస్తోంది, ఆట మొదలవుతోంది. ఉన్నట్టుండి రెండు తెరలూ ఒకేసారి పోతున్నాయి. టీవీ నో సిగ్నల్ అంటోంది. కొన్ని సెకన్లకు తనంతట తాను వస్తోంది, లేదా రావడం లేదు.

రెండు తెరలూ ఒకేసారి పోతున్నాయంటే లోపం ల్యాప్‌టాప్ తెరలో లేదు, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో లేదు. బాక్సు లోపల బొమ్మ రెండు దారులుగా చీలకముందే ఎక్కడో తెగుతోంది. ప్లేస్టేషన్, దాని కేబుల్, బాక్సు ఇన్‌పుట్, బాక్సుకు కరెంటు ఇచ్చే యూఎస్‌బీ తీగ, అంతే మిగిలాయి. పసుపు టేపు కేబుల్ వేసి చూశాను. తేడా లేదు.

ఆటల సెట్టింగుల వైపు నుంచి వచ్చే అనుమానాలనూ ఇప్పుడే తీర్చేయాలి. వీడియో అవుట్‌పుట్‌లో రిజల్యూషన్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి 1080పీకి కట్టేశాను. వెలుగునీడల తేడా పెంచి చూపే హెచ్‌డీఆర్ ఆఫ్, డీప్ కలర్ ఆఫ్. ఆట మొదలయ్యే క్షణంలో హెచ్‌డీఆర్‌కు మారిపోయే యంత్రానికి పాత బాక్సు తగిలితే, సరిగ్గా ఆ క్షణంలోనే నల్లబడుతుంది. మాకు అలా జరగడం లేదు. మెనూలో ఊరికే ఉన్నప్పుడు కూడా పోతోంది. పైగా బాక్సు ఇన్‌పుట్ దగ్గర కేబుల్‌ను వేలితో కిందికి నొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా తెర ఒక్క క్షణం ఆరుతోంది. మేనల్లుడు దాన్నే పట్టుకుని "ఫ్రిజ్ వల్లే మామయ్యా" అని తీర్పు చెప్పేశాడు. నేను రెండింటినీ కాగితం మీద వేరు వేరుగా రాసి పెట్టాను. వేలు పెడితే వచ్చే బొమ్మకూ ఫ్రిజ్‌కూ ఏ సంబంధమూ లేదు.

ఆదివారం

ఈ రోజంతా బల్ల దగ్గరే.

హెచ్‌డీఎంఐ కేబుల్‌ను చాలామంది ఒకవైపు బొమ్మ పోస్తే ఇంకోవైపు బయటికి వచ్చే గొట్టంలా చూస్తారు. అందులోని 19 పిన్నులలో బొమ్మ కోసం ఉన్నవి పన్నెండు. మిగతావి మాట్లాడుకోవడానికి ఉన్నాయి. 18వ పిన్ను మీద ప్లేస్టేషన్ 5 వోల్టులు పంపుతుంది. అవతల టీవీ గానీ బాక్సు గానీ ఉంటే 19వ పిన్ను మీద వోల్టేజీ తిరిగి ఇస్తుంది. దీన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. "నేనున్నాను" అనే కబురు అది. ఆ కబురు అందాకే ప్లేస్టేషన్ 15, 16 పిన్నుల మీదుగా ఈడీఐడీ అనే చిన్న పట్టిక అడిగి చదువుకుంటుంది. ఏ రిజల్యూషన్లు పట్టగలదో, ఏ ధ్వని వినగలదో అందులో ఉంటుంది. మూలపట్టిక 128 బైట్లు, హెచ్‌డీఎంఐ యంత్రాలు దానికి ఇంకో 128 చేరుస్తాయి. 19వ పిన్ను కబురు ఆగిపోతే, బొమ్మ మోసే తీగలన్నీ నిక్షేపంగా ఉన్నా ప్లేస్టేషన్ తన పాటికి తాను ఆపేస్తుంది. తన లెక్కలో అవతల ఎవరూ లేరు.

కాబట్టి చూడవలసింది 19వ పిన్ను. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఎప్పుడో కొన్న హెచ్‌డీఎంఐ బ్రేకౌట్ బోర్డు నా దగ్గర ఉంది. ఒక చివర మగ ప్లగ్గు, వెనక ఒక్కో పిన్నుకూ ఒక స్క్రూ టెర్మినల్. దీనితో ప్లేస్టేషన్ లేకుండానే పరీక్షించవచ్చు. పాత యూఎస్‌బీ తీగను కోసి, ఎర్ర తీగను 18కి, నల్ల తీగను 17కి బిగించాను. 17 భూమి పిన్ను. మల్టీమీటర్ నల్ల కొన 17 మీద, ఎర్ర కొన 19 మీద పెట్టాలి.

ముందు టీవీ పోర్టులో పెట్టి చూశాను: 4.9 వోల్టులు, కదలిక లేదు. తర్వాత బాక్సు ఇన్‌పుట్‌లో, బాక్సుకు యూఎస్‌బీ కరెంటు ఇచ్చి: 0.3, 0.8, 0.2, మళ్లీ 1.1. అంకె నిలవడం లేదు. ప్లగ్గును కిందికి నొక్కితే ఒక్కసారి 4.8కి ఎగిరి నిలబడింది. వేలు తీస్తే కుప్పకూలింది. మేనల్లుడిని పిలిచి చూపించాను. ఫ్రిజ్ వాదన ఉపసంహరించుకున్నాడు.

బాక్సు కింది రబ్బరు కాళ్లు పీకితే వాటి కింద స్క్రూలు. మూత తీయగానే ముక్కుకు తెలిసింది సముద్రపు గాలి. హెచ్‌డీఎంఐ సాకెట్ లోహపు గూడు అంచున పచ్చటి పొడి. కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో వాడిన ఏ యంత్రం విప్పినా ఇదే రంగు పలకరిస్తుంది. ఉప్పు, తేమ కలిసి రాగిని తినేస్తాయి. అయితే ఈ పొడి తుడిస్తే పోయేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో సాకెట్ లోపలి నాలుకను, గూడును రుద్దాను. మళ్లీ కొలిచాను. అంకె ఇంకా ఊగుతూనే ఉంది.

భూతద్దం కింద పెట్టాను. సాకెట్ వెనక 19 కాళ్లు బోర్డు మీద వరుసగా కూర్చుని ఉంటాయి, ఒక దాని నుంచి ఇంకో దాని మధ్యకు అర మిల్లీమీటరు. గూడును పట్టి ఉంచే నాలుగు లావు కాళ్లు బోర్డు రంధ్రాల్లోకి దిగి ఉంటాయి. 19వ పిన్ను వరుసలో చిట్టచివరిది. దాని పక్కనున్న లావు కాలి చుట్టూ టంకంలో వెంట్రుక వాసి వలయం కనిపించింది. వెలుతురు ఒక కోణంలో పడితేనే తెలిసే నల్లటి గీత. సూది మొనతో 19వ కాలిని పక్కకు తోస్తే అది తన టంకం మీద నుంచి కాస్త లేచింది, మిగతావి కదల్లేదు. బరువైన కేబుల్ ఏళ్ల తరబడి బాక్సు వెనక వేలాడి ఉంటుంది. ఆ బరువు ముందు లావు కాలిని వదిలించింది, తర్వాత చివరి సన్న కాలి మీద పడింది. అంచు పిన్నులే ముందు పోవడంలో వింత లేదు. దురదృష్టం ఏమిటంటే ఆ అంచున ఉన్నది కబురు మోసే పిన్ను కావడం.

ముందు లావు కాళ్లు. అవి గట్టిగా నిలబడకుండా సన్న కాలికి టంకం వేస్తే నెలకు మళ్లీ ఊడుతుంది. పాత టంకం లాగేసి, టంకం బాగా అంటుకోవడానికి ఫ్లక్స్ పూసి, కొత్తది దిగేదాకా ఆగి వేశాను. ఆ లోహం వేడిని మింగుతుంది, తొందర పనికిరాదు. ఆ తర్వాత 19. సన్న బిట్టు, కావలసినంత ఫ్లక్స్, బిట్టు కొన మీద ఆవగింజంత టంకం కూడా కాదు, దాని నీడ అంత. ఒక్క స్పర్శ. చల్లారాక మీటరు బజర్ మీద పెట్టి 18కి 19కి మధ్య, 17కి 18కి మధ్య అతుక్కోలేదని చూసుకున్నాను. ఈ పరీక్ష మానేయకూడదు. 18, 19 అతుక్కుంటే బాక్సుకు కరెంటు లేకపోయినా "నేనున్నాను" అనే కబురు పోతూనే ఉంటుంది, ప్లేస్టేషన్ చీకట్లోకి బొమ్మ పంపుతూనే ఉంటుంది. 17, 18 అతుక్కుంటే ప్లేస్టేషన్ 5 వోల్టులు నేరుగా భూమికి పోతాయి.

మళ్లీ కొలత: 4.8. ప్లగ్గును అటూ ఇటూ ఊపినా అంకె చెక్కుచెదరలేదు.

మంగళవారం

సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చాక ఫ్రిజ్ సంగతి.

బాక్సు బాగైనా ఫ్రిజ్ అందుకున్నప్పుడు తెర ఆరడం ఆగలేదు. ఆట మధ్యలో ఆ ఒక్క క్షణం ఆడేవాడికి ఏమీ కనిపించదు. బాక్సు నుంచి టీవీకి పోతున్నది ఐదు మీటర్ల సన్నటి చవక కేబుల్, అది ఫ్రిజ్ ప్లగ్గు పక్క నుంచే పోతోంది. దాన్ని తీసి మీటరున్నర పొట్టి కేబుల్ వేసి, బాక్సును టీవీ వెనక్కే జరిపాను. ఫ్రిజ్ ఆపి, వేసి, మళ్లీ ఆపి చూశాం. తెర కదల్లేదు.

ఈ పని చేస్తుండగానే ఇంకోటి తగిలింది. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు బాక్సు లోహపు భాగం ముట్టుకుంటే చిమచిమ. మల్టీమీటర్‌తో బాక్సు గూడుకు, టీవీ కేబుల్ వైరు లోహపు తొడుగుకు మధ్య ఏసీ కొలిస్తే నూరు వోల్టుల పైన చూపించింది. చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కారే విద్యుత్తు అది. కరెంటు అతి స్వల్పం కాబట్టి మనిషికి ప్రాణాపాయం కాదు గానీ, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ ప్లగ్గు గుచ్చితే ఆ తేడా అంతా సిగ్నల్ పిన్నుల మీదుగా దూకవచ్చు. పోర్టులు చచ్చిపోయే దారి ఇదే. ల్యాప్‌టాప్ ప్లగ్గుకు మూడో కాలు ఉంది, గోడలో మూడో రంధ్రమూ ఉంది, దాని వెనక ఎర్త్ మాత్రం ఎండిపోయి ఉంది. మా వైపు ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోసే అలవాటు ఉండేది. మోటార్లు, ట్యాంకులు వచ్చాక గుంత ఎక్కడుందో అక్కకే గుర్తు లేదు. పెరట్లో తులసికోట వెనక దొరికింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తీగ బిగింపు సరిచేయించి, రెండు బిందెల నీళ్లు పోయించాం. చిమచిమ పోయింది. అయినా వాడికి ఒక నియమం పెట్టాను: హెచ్‌డీఎంఐ తీయాలన్నా పెట్టాలన్నా ప్లేస్టేషన్, టీవీ, ల్యాప్‌టాప్ మూడింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసిన తర్వాతే.

గురువారం

వాడి స్నేహితుడు ప్లేస్టేషన్ 3 తెచ్చాడు. 2006 నాటి యంత్రం. హెచ్‌డీఎంఐతో కలిపితే టీవీలో బొమ్మ, ల్యాప్‌టాప్‌లో నలుపు. ఇద్దరూ సెట్టింగులన్నీ వెతికారు. దొరకదు. ప్లేస్టేషన్ 3 హెచ్‌డీఎంఐ మీద హెచ్‌డీసీపీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆపే గడి లేదు.

తాళాన్ని మధ్యలో ఊడబెరికే చవక స్ప్లిట్టర్ ఒకటి కొంటే సరిపోతుందని ఆ స్నేహితుడు ఎక్కడో విన్నాడు. నాకు ఆ దారి నచ్చదు. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణ చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణలను ఛేదించడాన్ని నేరంగా చూస్తుంది. వీళ్ల ఉద్దేశం అది కాదనే అనుకుందాం. అయినా చక్కటి రాచబాట పక్కనే ఉంటే గోడ దూకడం ఎందుకు? ప్లేస్టేషన్ 3కి కాంపొనెంట్ అవుట్‌పుట్ ఉంది. అనలాగ్ దారి కాబట్టి హెచ్‌డీసీపీ బెడద లేదు.

కాంపొనెంట్ కేబుల్‌కు ఐదు ప్లగ్గులు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు బొమ్మకు, తెలుపు, ఇంకో ఎరుపు ధ్వనికి. ఆ రెండు ఎరుపులే అందరినీ తిప్పలు పెడతాయి. అవి తారుమారైతే బొమ్మలో రంగులు చెడతాయి, ఒక చెవిలో రొద వస్తుంది. బొమ్మకు సంబంధించిన ఎరుపు మీద నల్ల పెన్నుతో గుర్తు పెట్టాను.

కలిపాం, నలుపు. ఈసారి కారణం సులువు. యంత్రం ఇంకా హెచ్‌డీఎంఐ వైపే బొమ్మ పంపుతోంది. దాన్ని ఆపి, పవర్ బటన్ ఐదు సెకన్లకు పైగా, రెండో బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకోవాలి. వీడియో సెట్టింగులు మొదటికి వస్తాయి. ఆ తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కాంపొనెంట్ ఎంచుకుని 720పీ పెట్టాం. ల్యాప్‌టాప్‌లో బొమ్మ వచ్చింది. అక్షరాల అంచులు కాస్త మెత్తబడ్డాయి, స్కోరు మాత్రం చదవగలిగేలా ఉంది. అంతకు మించి అనలాగ్ నుంచి ఆశించను.

శుక్రవారం

మిగిలిన పని ధ్వని. 1080పీ బొమ్మను సెకనుకు 60 చొప్పున ఒత్తకుండా పంపాలంటే సెకనుకు 2 నుంచి 3 గిగాబిట్లు కావాలి, యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 మెగాబిట్లే. అందుకే ఈ బాక్సు బొమ్మను లోపలే హెచ్.264గా కుదించి పంపుతుంది. ఆ కుదింపుకు సమయం పడుతుంది. టీవీలో సిక్సు పడ్డాక చాలాసేపటికి ల్యాప్‌టాప్‌లో బ్యాటు లేస్తుంది. ఆడేవాడు టీవీ చూసే ఆడాలి, అది సరే. మైకులో వాడి కేక మాత్రం ఆలస్యం లేకుండా ఓబీఎస్‌కు చేరుతోంది. రికార్డింగ్‌లో ముందు కేక, తర్వాత సిక్సు.

తేడా కొలవడానికి ప్లేస్టేషన్ మెనూలో బటన్ నొక్కిన చప్పుడు చాలు. టీవీ స్పీకర్ నుంచి అది మైకులో పడుతుంది, బాక్సు దారిలో మళ్లీ వస్తుంది. రెండు ట్రాకులనూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి, ఆ రెండు శిఖరాల మధ్య దూరం చదివాను. ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిచి, మైకు వరుసలో సింక్ ఆఫ్‌సెట్ దగ్గర 1900 మిల్లీసెకన్లు వేశాను. కేక, సిక్సు కలిశాయి. బాక్సును ఆపి వేసినప్పుడల్లా ఈ అంకె కొంచెం జరుగుతోంది. అందుకని ప్రతి రికార్డింగ్ మొదట్లో మెనూలో రెండుసార్లు బటన్ నొక్కమని వాడికి చెప్పాను, తేడా ఉంటే ఎడిటింగ్‌లో దాన్ని పట్టుకుని సరిచేయవచ్చు.